మోకాళ్ళకు వేసిన చీటీలు

నా మోకాలి సంగతి ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. నలభై ఏళ్ళు కావస్తోంది. ఈలోగా నేను పట్నం డాక్టర్లకు మూడు ఉత్తరాలు రాశాను, ఒకసారి పట్నం దాకా వెళ్ళి పెద్ద ఆస్పత్రి వరండాలో పొద్దుటి నుంచి సాయంత్రం వరకూ కూర్చుని వచ్చాను, తెలిసిన మందుల షాపాయన ద్వారా కబురు కూడా పెట్టించాను. ఉత్తరాలకు జవాబు రాలేదు, వరండాలో నన్నెవరూ లోపలికి పిలవలేదు, కబురు ఎక్కడ ఆగిపోయిందో ఆ షాపాయనకే తెలియదు. ఎవరైనా చిన్నచూపు చూస్తే మరచిపోయే గుణం నాకు లేదని మా ఇంటావిడ అంటూ ఉంటుంది. నిజమే, ఆ గుణమే ఉంటే ఈ నాలుగు మాటలు రాయాల్సిన పని ఉండేది కాదు.

పోయిన నెల ఆమెకే మోకాళ్ళ నొప్పులు ఎక్కువైతే కామారెడ్డి తీసుకెళ్ళాను. కసరత్తులు చేయించే గదిలో మా మనవరాలి ఈడు అమ్మాయి ఒకతె, తెల్లకోటు వేసుకున్నది, మా ఆవిడ చేతిలో ఒక అచ్చు కాగితం పెట్టింది. దాని మీద వరుసగా బొమ్మలు. మొదటి బొమ్మలో ఒక మనిషి వెల్లకిలా పడుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని దాన్ని కాలితో అదిమి పడుతున్నాడు. రెండో బొమ్మలో మడమను మంచం మీద ఈడ్చుకుంటూ తనవైపు తెచ్చుకుంటున్నాడు. ఆ బొమ్మలు చూడగానే నా కుడి మోకాలి లోపల ఎక్కడో పాత నొప్పి మేలుకున్నట్టయింది. ఈ కసరత్తులు కాగితాలకెక్కకముందు, ఇదే కామారెడ్డిలో, స్టేషనుకు కొంచెం అవతల, ఒక పాత బంగళాలో నా కాలి మీద చేయించి చూశారని ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె తల ఎత్తలేదు. ఎవరి కాలికో పట్టీ చుడుతూ, "దెబ్బ తాకిన మోకాలును జల్దీ కదపాలని ఎప్పటి నుంచో తెలిసిందే కద తాతా," అని, తరవాతి మనిషిని పిలిచింది.

ఎప్పటి నుంచో. ఆ మాట పట్టుకుని బస్సెక్కాను, ఇప్పటికీ వదలలేకపోతున్నాను.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర లేదు గాని, కొత్తవాళ్ళ కోసం చెబుతాను. మాది ఎల్లారెడ్డికి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఊరు, మా ఇంట్లో తాతల నాటి నుంచి తాళ్ళెక్కి కల్లు గీయడమే వృత్తి. నేను పదో తరగతి దాకా చదువుకున్నా, మా బాపు, అన్న ఎక్కినట్టే నేనూ ఎక్కాను. తాడిచెట్టు ఎక్కడమంటే చూసేవాళ్ళకు చేతుల పని అనిపిస్తుంది, కానీ అది మోకాళ్ళ పని. నడుము వెనక నుంచి చెట్టును చుట్టి ఉండే మోకు మీద బరువు వేసి, రెండు పాదాలకు కలిపి వేసుకున్న బంధంతో, రెండు మోకాళ్ళూ ఒక్కసారే ముడిచి ఒక్కసారే చాపుతూ పైకి పోవాలి. మామూలు మనుషుల్లా ఒక కాలు తరవాత ఒక కాలు వెయ్యడం చెట్టు మీద ఉండదు.

ఏటా దసరా వెళ్ళాక మా వాళ్ళంతా ఒకచోట కూర్చుని చెట్లు పంచుకునేవాళ్ళు. ఏ వరస ఎవరికన్నది చీటీలు వేసి తేల్చేవాళ్ళు. చీటీ తీశాక, అది పెద్దమనిషి ముందు పెట్టేలోపల, ఇద్దరు ఇష్టపడితే మార్చుకోవచ్చు. ఒక ముసలాయనకు పొడుగు చెట్ల వరస పడిందనుకోండి, ఎవరో పడుచువాడు తన పొట్టి చెట్ల చీటీ ఆయన చేతిలో పెట్టి ఆయనది తాను తీసుకునేవాడు. మా బాపు అలా రెండుసార్లు మార్చడం నేను కళ్ళారా చూశాను. అది తప్పని మాలో ఎవరూ అనుకోలేదు, మర్యాద అనుకునేవాళ్ళు. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. చెట్టెక్కలేనివాడికి వరస లేదు. వాడి వరస పాలివాళ్ళకు, అంటే దాయాదులకు, పోతుంది. నాకు పెళ్ళయి ఏడాది కూడా కాని ఆ సంవత్సరం, ఈ రెండో కట్టుబాటు నన్ను నిద్రలో కూడా వదలలేదు.

ఎందుకంటే తొలకరి వానల్లో నేను పడ్డాను. పై నుంచి పడితే ఇది రాయడానికి ఉండేవాణ్ణి కాదు. దాదాపు దిగిపోయాను, రెండు నిలువుల ఎత్తు మాత్రమే మిగిలింది, తడిసిన మొద్దు మీద కాలి బంధం జారింది. ఒళ్ళంతా ఒకవైపు తిరిగింది, కుడికాలు మాత్రం బంధంలో ఇరుక్కుని చెట్టుకే ఉండిపోయింది. లోపల ఎండుమట్ట విరిగినట్టు చప్పుడైంది. నొప్పి తరవాత వచ్చింది, ముందు ఆ చప్పుడే వచ్చింది. అన్న నన్ను భుజం మీద వేసుకుని తెచ్చాడు. దోమకొండ వైపు కట్లు కట్టే పెద్దాయన ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన గుడ్డు సొన, మినప్పిండి కలిపి పట్టువేసి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టి, నలభై రోజులు కదపొద్దన్నాడు. నలభై రోజులూ కదపలేదు. కట్టు విప్పిన రోజున నా కాలు చూసి నాకే భయమేసింది. తొడ కరిగిపోయి కర్రలా ఉంది, మోకాలు మాత్రం బొడిపెలా మిగిలింది, వంచబోతే వేలెడు కూడా వంగలేదు. ఎవరిదో కాలు తెచ్చి నాకు అతికించినట్టుంది. బాపు లేచి బయటికి వెళ్ళి నా మోకు తీసి దూలానికి ఎత్తుగా కట్టేశాడు. అందనంత ఎత్తున.

అప్పుడే ఎల్లారెడ్డి కాంపౌండరు ఒక మాట మోసుకొచ్చాడు. పట్నం నుంచి డాక్టర్లు కామారెడ్డికి వస్తున్నారట, మోకాళ్ళ దెబ్బల మీద పరిశోధన చేస్తున్నారట, బలవంతం ఏమీ లేదట, ఇష్టమున్నవాళ్ళు పేరు ఇస్తే చాలట. ఆ మాట మా వాకిట్లో పడగానే మా వదిన వంట వదిలేసి వచ్చింది.

"పోకు మర్దీ. మోకాలి చిప్ప ఊడవీకి సీసల పెట్టుకుంటరట."

"ఉన్నదేమన్న పనికొస్తున్నదా," అన్నాడు అన్న. "పెట్టుకోనియ్యి. పండుగకు పోయి చూసొద్దాం."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆ సీసా నా కళ్ళ ముందు నుంచి పోలేదు. దాంట్లో నా మోకాలి చిప్ప కొబ్బరి ముక్కలా తేలుతూ కనిపించేది. అయినా వెళ్ళాను. చిప్ప పోతుందన్న భయం కన్నా దూలానికి కట్టిన మోకు భయం పెద్దది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి బస్సులో కాలు ముడవడానికి రాక నడవలోకి చాపి కూర్చుంటే, కండక్టరు దాటలేక దాటుతూ, "కాలు లోపల పెట్టుకో అన్నా, దానికి గూడ టికెటు కొట్టాల్నా," అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ కండక్టరు ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

బంగళా పెద్దదే, కానీ లోపల చీకటి. వరండాలో బల్లల మీద మాలాంటి వాళ్ళు పది పన్నెండు మంది, అందరి కాళ్ళూ ముందుకు చాపి ఉన్నాయి. ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నాకు చదవడం వచ్చినా అందులో నా పేరు తప్ప ఏమీ అర్థం కాలేదు. పక్కవాళ్ళు వేలిముద్రలు వేస్తుంటే నేను తెలుగులో సంతకం పెట్టాను. నాకు తొమ్మిదో నంబరు ఇచ్చారు. లోపలికి పిలిచి, గదిలో రెండు చెక్కమెట్లు ఉంటే ఎక్కి దిగమన్నారు. ఎన్నో ఏళ్ళ అలవాటు, నేను పక్కనున్న కమ్మీ పట్టుకుని రెండు పాదాలూ కలిపి చేతుల బలంతో ఒక్కసారే లేపి మెట్టు మీద వేశాను, మళ్ళీ అలాగే రెండోది. అక్కడున్న పెద్ద డాక్టరు పక్కనున్న ఇంకో డాక్టరు వైపు చూసి నవ్వాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నేను తాళ్ళెక్కేవాణ్ణని, మా కాళ్ళు అలాగే నడుస్తాయని చెబుదామంటే నా వైపు చూడలేదు. నా పేరు ఎదురుగా ఆయన ఏం రాసుకున్నాడో ఈ రోజుకూ నాకు తెలియదు.

పదో నంబరు ఒక దర్జీది, నేను ఆయన్ను భాయి అనేవాణ్ణి. స్టేషను రోడ్డులో ఆయన కుట్టుమిషను దుకాణం, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. వానలో సైకిలు జారి మోకాలు తిరిగిపోయింది. ఆయన కూడా ఎవరి దగ్గరో నెలన్నర కట్టు కట్టించుకునే వచ్చాడు. కొలిచే టేపు అక్కడికి కూడా మెడలో వేసుకునే వచ్చాడు. లోపల కొలతలు తీసే డాక్టరమ్మ ఉండేది, ఆ బంగళా మొత్తానికీ మమ్మల్ని మనుషుల్లా చూసింది ఆమె ఒక్కతే. రెండు బద్దలు మధ్యలో మేకుతో కలిపినట్టుండే కొలబద్దతో మోకాలు ఎంత వంగుతుందో చూసేది, టేపుతో తొడ చుట్టుకొలత తీసేది. భాయి వంతు వచ్చినప్పుడు, "అమ్మా, తొడ కాడ జర వదులు పెట్టు, కుట్టినంక బిర్రయితది," అన్నాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది. మా ఇద్దరి కొలతలూ పక్కపక్కన రాసుకుని, ఈ రెండు మోకాళ్ళూ ఒక్కటే తీరుగా ఉన్నాయి, చూడండి అని పెద్ద డాక్టరుకు చూపించింది. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. మొదటి రోజున మా ఇద్దరి మోకాళ్ళూ ఒక్కటే తీరుగా ఉన్నాయి.

తరవాత పెద్ద డాక్టరు వరండాలోకి వచ్చి అందరికీ చెప్పాడు. కొందరికి కాలు కదలకుండా చెక్క పెట్టి మళ్ళీ ఆరు వారాలు కట్టు కడతారట. కొందరి చేత ఆ రోజు నుంచే కదిపిస్తారట. రెండింటిలో ఏది మంచిదో తమకు కూడా తెలియదని, అది తెలుసుకోవడానికే ఇదంతా చేస్తున్నామని, తేలాక మా అందరికీ తెలియజేస్తామని చెప్పాడు. ఎవరు ఎందులో అన్నది డాక్టరు ఇష్టం కాదు, చీటీలే చెబుతాయన్నాడు. చదువురాని వాళ్ళ కోసం చీటీల మీద బొమ్మలు వేశారు. కట్టుకు నిటారు గీత, కసరత్తుకు వంగిన గీత. స్టీలు డబ్బాలో చీటీలు వేసి మా ముందుకు తెచ్చారు.

డబ్బా మా దాకా రాకముందే, వంగిన గీత వచ్చిన ఒకాయన్ను లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి ఆయన అరుపు వినిపించింది. మనిషి అరుపులా లేదు. వరండాలో అందరూ తల దించుకున్నారు, భాయి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు నేను చీటీ తీశాను. నిటారు గీత. భాయికి వంగిన గీత.

ఆ గీత చూస్తే నాకు నా కాలే కనిపించింది, కట్టు విప్పిన రోజు చూసిన కర్ర. మళ్ళీ ఆరు వారాలు. తరవాత దసరా. చెట్ల పంపకం. పాలివాడు అప్పటికే మా వరస చెట్ల కింద నిలబడి తల పైకెత్తి చూసి వెళ్ళాడని వదిన చెప్పింది. చేతిలో చీటీ చెమటకు తడిసిపోయింది. చీటీలు ఇంకా బల్ల దగ్గర రాయించలేదు, పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తున్నారు. నేను పెరిగిన చోట, చీటీ పెద్దమనిషి ముందు పెట్టేదాకా ఎవరిదీ కాదు. నేనే అడిగాను. ఈ సంగతి నేను రాసిన మూడు ఉత్తరాల్లోనూ లేదు, ఇద్దరం మార్చుకున్నాం అని మాత్రమే రాశాను. అడిగింది నేనే. చెట్ల గురించి, పాలివాడి గురించి చెప్పాను, అరుపు విన్నావు కదా భాయి, నీకు ఆ బాధ ఎందుకు అని కూడా అన్నాను. ఆయన భయాన్ని నేను వాడుకున్నాను.

భాయి నా ముఖం చూశాడు, లోపలి గది తలుపు చూశాడు.

"నా మిషను యాడికి పోతది తమ్మీ. తొక్కనీకె మా తమ్ముడున్నడు. నీ చెట్టయితే వేరేటోడు ఎక్కుతడు," అని వంగిన గీత నా చేతిలో పెట్టాడు.

తరవాతి ఆరు వారాలు నేను బతికింది భయంతోనే. కసరత్తులో నొప్పి ఉంది, అది ఓర్చుకోవచ్చు, నేనూ ఆ గదిలో అరిచాను. ఇంటి దగ్గర మంచం మీద పడుకుని మడమను ఈడ్చుకుంటుంటే మా ఆవిడ ముఖం అటు తిప్పుకునేది, వదిన మాత్రం ఎదురుగా కూర్చుని, "ఇంగో జానెడు, ఇంగో జానెడు," అని ఎద్దును అదిలించినట్టు అదిలించేది. అసలు భయం వేరు. వారం వారం బంగళాకు వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ నా ముఖం చూసి కనిపెట్టేస్తుందేమో, కనిపెడితే నన్ను వెళ్ళగొడతారేమో, అంతకన్నా, మార్చుకున్నారు కాబట్టి మళ్ళీ మార్చి నాకు కట్టు కడతారేమో అని. ఆమె కొలబద్ద పెట్టినప్పుడు మోకాలు వణికేది, నొప్పా అని అడిగేది, అవునని అబద్ధం చెప్పేవాణ్ణి.

బంగళా నుంచి బస్సుకు పోయే దారిలోనే భాయి దుకాణం. ఆయన కట్టు కట్టిన కాలు ముక్కాలిపీట మీద చాపుకుని గుండీలు కుడుతూ ఉండేవాడు, మిషను మీద తమ్ముడు. నన్ను చూడగానే చాయ్ చెప్పించి, "ఎంత వంగింది తమ్మీ," అని అడిగేవాడు. నేను చేతితో చూపించేవాణ్ణి. మొదట కొంచెమే, తరవాత ఇంకొంచెం. ఆయన తన సొంత కాలు వంగినంత సంతోషపడేవాడు. నాలుగో వారం నుంచి నేను తక్కువ చేసి చూపించడం మొదలుపెట్టాను. ఎందుకలా చేశానో అప్పుడు ఆలోచించలేదు. ఆ దుకాణం ముందు నుంచి కాకుండా వెనక గల్లీలోంచి బస్సుకు వెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి.

ఆఖరి రోజు అందరినీ ఒకేసారి పిలిచారు. నా మోకాలు గోడా నేలా కలిసే మూల కన్నా ఎక్కువ వంగింది. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. తరవాత భాయి కట్టు విప్పారు. ఆ కాలు బయటపడగానే నేను గుర్తుపట్టాను, దోమకొండ కట్టు విప్పిన రోజు నా కాలు అదే. ఆమె కొలబద్ద పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. మడమ కింద చెయ్యి వేసి మెల్లగా వంచబోయింది. మోకాలు వేలెడు కూడా వంగలేదు. భాయి పళ్ళ బిగువున నవ్వబోయి, "అమ్మా, ఈ గుడ్డ జర మందం," అన్నాడు. ఈసారి ఆమె నవ్వలేదు. రాసుకునే పుస్తకంలో మొదటి రోజు పేజీ తిప్పి, మా ఇద్దరి కొలతలూ చూసి, మా ఇద్దరినీ చూసింది.

అప్పుడు నేను లేచి పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, దేవుడు సాక్షి. సార్, మా చీటీలు అని మొదలుపెట్టాను. ఆయన కాగితాలు సర్దుకుంటున్నాడు, తల ఎత్తకుండా, "ఇప్పుడు కాదు, బయట కూర్చో," అన్నాడు. బయట కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆయన వెనక తలుపు నుంచి జీపెక్కి పోయాడని చప్రాసీ చెబితే తెలిసింది. మరుసటి వారం మళ్ళీ వెళితే బంగళాకు తాళం వేసి ఉంది. ఖాళీ చేసి పోయిన్రు అన్నాడు పక్కింటాయన. స్టీలు డబ్బా ఒకటి వరండా మూల పడి ఉంది, దాంట్లో ఎవరో పిట్టలకు నీళ్ళు పోశారు.

దసరా వెళ్ళిన నాలుగో రోజు బాపు నా మోకు దూలం నుంచి దించాడు. చెట్టు కింద అందరూ నిలబడ్డారు, పాలివాడు కూడా. సగం ఎక్కాక నాకు కళ్ళు తిరిగాయి. కిందికి చూడలేదు, నా మోకాలి వైపే చూశాను. అది ముడుచుకుంటోంది, చాపుకుంటోంది, నేను చెప్పకుండానే పని చేస్తోంది. దాన్ని చూస్తే నాకు భయమేసింది. అది నాది కాదనిపించింది. పైన మట్టల మధ్య చేరాక మోకును పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. కింద నుంచి అన్న, "దిగుతవా, అండ్లనే సంసారం పెడుతవా," అని కేక వేస్తే దిగాను. నా వరస నాకు దక్కింది. ఇరవై ఏళ్ళకు పైగా తాళ్ళెక్కాను, వాటి మీదే పిల్లలను పెంచాను.

భాయి మోకాలు మళ్ళీ వంగలేదు. కాలితో తొక్కే మిషను ఆయన ఇక తొక్కలేకపోయాడు, గుండీలు, కాజాలు, చేతికుట్టు పనులకే పరిమితమయ్యాడు. శుక్రవారాల్లో నేను బస్సు కోసం పోతూ చూసేవాణ్ణి, మసీదులో అందరూ మోకాళ్ళ మీదికి వంగినప్పుడు ఆయన ఒక్కడే వరస చివర గోడ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని తల మాత్రం వంచేవాడు. అప్పట్లో పీట మీద కూర్చునేవాళ్ళు మసీదులో ఇంకెవరూ ఉండేవాళ్ళు కాదు. ఎండాకాలం వస్తే ముంజలు కోసి ఆకులో చుట్టి తీసుకెళ్ళేవాణ్ణి, ఇద్దరం దుకాణం గడప మీద కూర్చుని తినేవాళ్ళం. ఒకసారి ఆయన చేతిలోంచి సూది జారింది. ఆయన వంగలేదు, పక్కనున్న కర్ర తీశాడు, దాని చివర అయస్కాంతం ముక్క కట్టి ఉంది, దాన్ని నేల మీద తిప్పి సూదిని పైకి తెచ్చుకున్నాడు. ఎంత నేర్పుగా చేశాడంటే, ఆ పని ఆయన ఎన్ని వందలసార్లు చేశాడో నాకు తెలిసిపోయింది. చేతిలోని ముంజ తిరిగి ఆకులో పెట్టాను. భాయీ, ఆ రోజు ఆ చీటీ, అన్నాను.

"ఊకో తమ్మీ. నువ్వు గుంజుకున్నవా, నేను ఇచ్చిన," అన్నాడు. సూదిలో దారం ఎక్కిస్తూ, "వాండ్లు ఉత్తరం ఏస్తమన్నరు కద. వచ్చిందా?" అని అడిగాడు.

రాలేదన్నాను. ఆ తరవాత ప్రతి ఎండాకాలం ఆయన అడిగేవాడు, నేను రాలేదనేవాణ్ణి. ఆ ఉత్తరంలో ఏముంటుందని ఆయన అనుకునేవాడో నాకు తెలియదు. నేను ఏమనుకునేవాణ్ణో మాత్రం చెబుతాను. కట్టు కట్టిన మిగతావాళ్ళందరి మోకాళ్ళూ చక్కగా వంగాయని అందులో రాసి ఉంటే, భాయి మోకాలి లోపల దెబ్బే వేరు, నా తప్పు ఏమీ లేదు. కట్టు కట్టిన వాళ్ళెవరి మోకాళ్ళూ వంగలేదని రాసి ఉంటే, నేను ఎక్కిన ప్రతి చెట్టూ ఆయన మోకాలితోనే ఎక్కాను. ఆ ఉత్తరం రావాలని ఎంత కోరుకున్నానో, వస్తుందేమోనని అంత భయపడ్డాను. ఎవరి సైకిలు బెల్లు విన్నా ఇప్పటికీ మోకాలి వెనక ఏదో పట్టేసినట్టవుతుంది, ఇప్పుడు పోస్టుమ్యాన్లు సైకిళ్ళ మీద రాకపోయినా.

భాయి పోయి తొమ్మిదేళ్ళయింది. ఆఖరి ఎండాకాలం కూడా అడిగాడు. ఆ దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. స్టేషను రోడ్డులో కొలతలు తీసి కుట్టేవాళ్ళు ఒకరో ఇద్దరో మిగిలారు, జనం కుట్టినవే కొనుక్కుంటున్నారు. మా వాగు ఒడ్డున తాళ్ళు సగానికి పైగా కొట్టేశారు, ఉన్నవాటిని ఎక్కే పడుచువాళ్ళు లేరు, చెట్లకు చీటీలు వేసుకునే రోజులు కూడా పోయాయి. తన చేతిలోని మంచి చీటీ ఇంకొకరి చేతిలో పెట్టే మనుషులు ఉండేవాళ్ళని చెబితే ఈ కాలం వాళ్ళకు కథలా ఉంటుంది. కామారెడ్డిలో మాత్రం మోకాళ్ళ బొమ్మల కాగితాలు అడగని వాళ్ళకు కూడా పంచుతున్నారు.

అందుకే అడుగుతున్నాను. ఆ కొలతల పుస్తకాలు ఎవరి బీరువాలో ఉన్నాయో, ఆ డాక్టర్ల దగ్గర చదువుకున్నవాళ్ళు ఎవరైనా మిగిలి ఉన్నారో, ఆ డాక్టరమ్మ ఎక్కడుందో నాకు తెలియదు. ఎవరున్నా ఇది చదివి జవాబు చెప్పండి. నిటారు గీత వచ్చినవాళ్ళలో ఎంతమంది మోకాళ్ళు వంగాయి? దెబ్బ తాకిన మోకాలును వెంటనే కదపాలని ఎప్పటి నుంచో తెలుసంటున్నారు కదా, ఎప్పటి నుంచి? వరండాలో నిలబడి మాకూ తెలియదన్న రోజున నిజంగానే తెలియదా? నన్ను ఓదార్చాల్సిన పని లేదు, నా పేరు కూడా రాయనక్కర లేదు. ఎలాంటి జవాబైనా సరే, పదో నంబరుకు రాయండి. ఆయన తరపున తొమ్మిదో నంబరు తీసుకుంటాడు.